వెళ్తే మళ్ళీ రానిస్తారా?

పేరు రాయొద్దని కోరుతూ ఒక పాఠకురాలు పదకొండు పేజీల ఉత్తరం పంపారు. ఆవిడకి ముప్ఫై ఏడేళ్లు. ఆర్థికశాస్త్రంలో పీహెచ్‌డీ చేసి ఐదేళ్లుగా ఒక విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా పని చేస్తున్నారు. పరిశోధన పన్నుల మీద. ఉద్యోగం శాశ్వతం అవుతుందో లేదో తేల్చే సమీక్ష ఇంకో పద్నాలుగు నెలల్లో ఉంది. ఇప్పటికి ఆరు పేపర్లు అచ్చయ్యాయి. వాటిలో నాలుగు శాఖాధిపతితో కలిసి రాసినవి. డేటా కూర్చింది, మోడల్ కట్టింది, రిఫరీల (అచ్చుకు ముందు పేపర్‌ని పరిశీలించే నిపుణుల) ప్రశ్నలకు జవాబులు రాసింది తానే అయినా, శాఖలో అందరూ వాటిని 'సార్ పేపర్లు' అంటారట. అడ్మిషన్ల కమిటీ, గుర్తింపు తనిఖీ ఫైళ్లు, విద్యార్థినుల ఫిర్యాదుల కమిటీ అన్నీ ఆవిడ నెత్తినే ఉన్నాయి.

ఇంతలో రెండు పిలుపులొచ్చాయి. ఆర్థిక మంత్రిత్వ శాఖ రెండేళ్ల పాటు సలహాదారుగా రమ్మంది. అదే వారంలో ఒక పెద్ద ఆర్థిక సంస్థ చీఫ్ ఎకనమిస్ట్‌గా రమ్మంది, ఇప్పటి జీతానికి మూడున్నర రెట్లు ఇస్తామంది. ఇద్దరికీ మూడు వారాల్లో జవాబు చెప్పాలి. మంత్రిత్వ శాఖ ఉన్నది వేరే ఊళ్ళో. బాబుకి ఆరేళ్లు. భర్త 'నీ ఇష్టం' అన్నారు. శాఖాధిపతి 'వెళ్ళిరా, ఇక్కడ మేం చూసుకుంటాం' అన్నారు. పీహెచ్‌డీ గైడ్ మాత్రం 'బయటికెళ్ళినవాళ్లని మళ్ళీ లోపలికి రానివ్వరు' అని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నారు. కంపెనీకి వెళ్తే సరస్వతిని అమ్ముకున్నట్టేనని ఒక సహోద్యోగి తేల్చేశారు. ఆవిడ ప్రశ్న ఇది: 'మూడింట్లో ఏది? వెళ్తే ఓడిపోయి వెళ్ళినట్టా? నా గైడ్‌కి ఏం చెప్పను?'

సమాధానం:

మీ పదకొండు పేజీల్లో ఏడు పేజీలు మీ శాఖ గురించే ఉన్నాయి. మంత్రిత్వ శాఖ గురించి ఒక పేరా రాశారు. కంపెనీ గురించి జీతం అంకె తప్ప ఏమీ లేదు. ఆ రెండు చోట్లా పొద్దున్నించి సాయంత్రం దాకా ఏం పని చేస్తారో, ఎవరికి జవాబుదారీగా ఉంటారో ఉత్తరంలో ఎక్కడా కనిపించలేదు. అంటే మీరు మూడు ఉద్యోగాలను పక్కపక్కన పెట్టి చూడటం ఇంకా మొదలుపెట్టలేదు. ఉన్నచోట జరిగిన అన్యాయం అంత గట్టిగా తగిలింది కాబట్టి తెరిచి ఉన్న తలుపు ఏదైనా మంచిదే అనిపిస్తోంది. అది తప్పని అనను. కానీ ఆ అన్యాయం సంగతి ఒకటి, ఈ పిలుపుల సంగతి ఇంకొకటి. మొదటిదాన్ని ఒక కొలిక్కి తేకుండా రెండోదానికి జవాబిస్తే, ఎక్కడికెళ్ళినా అదే మీ వెంట వస్తుంది.

మీ బాధ ఊహ కాదు. హీదర్ సార్సన్స్ అనే ఆర్థికవేత్త అమెరికా విశ్వవిద్యాలయాల్లోని ఆర్థికవేత్తల రికార్డులు ముందేసుకుని సరిగ్గా ఈ లెక్కే తీశారు. సహ పరిశోధకులతో కలిసి 2021లో ప్రచురించారు. ఒక్కరే రాసిన పేపర్‌కి ఆడవాళ్లకీ మగవాళ్లకీ దాదాపు ఒకే విలువ దక్కుతోంది. కలిసి రాసినప్పుడు మగవాళ్లకు వచ్చే విలువ తగ్గట్లేదు, ఆడవాళ్లకు తగ్గుతోంది. పక్కనున్న పేరు మగవాళ్లదైతే మరీ తగ్గుతోంది. (ఇలాంటి విషయాన్ని లెక్కల్లో నిరూపించేదాకా ఆర్థికవేత్తలే నమ్మకపోవడం చూస్తే నాకు నవ్వొస్తుంది.)

కాబట్టి ఎనిమిదో పేజీలో మీరు బ్రాకెట్లో పడేసిన వాక్యమే నాకు ఉత్తరం మొత్తానికి కీలకంగా కనిపించింది. చిన్న వ్యాపారుల పన్ను చెల్లింపుల మీద మీరొక్కరే మొదలుపెట్టిన పేపర్ సగంలో ఆగిపోయిందన్నారు. ఉండాలనుకున్నా వెళ్ళాలనుకున్నా ఆ పేపర్ పూర్తి కావాలి. ఉంటే సమీక్షలో అది మీ ఒక్కరి పేరు మీద నిలబడుతుంది. వెళ్తే తిరిగొచ్చే దారిలో మీ చేతిలో ఉండే కాగితం అదే. ఆ నాలుగు పేపర్ల సంగతి కూడా వదిలెయ్యకండి. సమీక్ష ఫైల్లో ఏ పేపర్లో ఎవరు ఏ భాగం చేశారో చెప్పే నోట్ ఒకటి పెట్టమని శాఖాధిపతిని అడగండి. ఆయన సంతకంతో అడగండి. ఆయన మంచివాడే అని మీరే రాశారు కదా, మంచివాళ్లకి సంతకం పెట్టడం కష్టం కాదు. మొహం చిట్లిస్తే, ఆ మంచితనం ఎంతవరకో మీకు ఈ మూడు వారాల్లోనే తెలిసిపోతుంది.

కమిటీల గురించి 'నాకు కాదనడం చేతకాదు' అని మిమ్మల్ని మీరు తిట్టుకున్నారు. అంత తిట్టుకోనక్కర్లేదు. లిండా బాబ్‌కాక్, లీస్ వెస్టర్‌లుండ్ అనే ఆర్థికవేత్తలు మరో ఇద్దరు పరిశోధకులతో కలిసి 2017లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఎవరో ఒకరు చేయాల్సిన, చేసినవాళ్లకి ఏమీ దక్కని పనికి ఆడవాళ్లే ఎక్కువగా ముందుకొచ్చారు. అడిగేవాళ్లూ వాళ్లనే ఎక్కువ అడిగారు. చిత్రమేమిటంటే, అందరూ మగవాళ్లే ఉన్న గుంపులో మగవాళ్లు కూడా అంతే చురుగ్గా ముందుకొచ్చారు. ఇది స్వభావం కాదు, గదిలో ఎవరున్నారన్నదాన్ని బట్టి మారే లెక్క. మీరు ఒక కమిటీ మానేస్తే ఆ పని ఆగదు, ఇంకొకరికి వెళ్తుంది. ఈ సెమిస్టర్‌లో రెండు మానెయ్యండి. ఫిర్యాదుల కమిటీ మీకు ఇష్టమన్నారు, అదొక్కటి ఉంచుకోండి.

ఇక మీ గైడ్ మాటకొద్దాం. బయటికెళ్ళినవాళ్లు తిరిగి రాలేదన్నది నిజం కాదు. మరీనా వాన్ న్యూమన్ విట్‌మన్ జీవితం చూడండి. గణితవేత్త జాన్ వాన్ న్యూమన్ కూతురు. 1962లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్రంలో డాక్టరేట్ పూర్తి చేశారు. కొలంబియాకే ఎందుకంటే, పెళ్ళయి తాను ఉంటున్న ప్రిన్స్‌టన్‌లో ఆర్థికశాస్త్ర డాక్టరేట్‌కి ఆడవాళ్లని అప్పట్లో తీసుకునేవారు కాదు. భర్తకి పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు శాఖలో ఉద్యోగం వస్తే ఆ ఊరెళ్ళి, అక్కడే తానూ అర్థశాస్త్రం బోధించారు. 1970లో అమెరికా అధ్యక్షుడి ఆర్థిక సలహాదారుల మండలికి ఉద్యోగిగా వెళ్ళారు. తర్వాత ధరల కమిషన్. 1972లో అదే మండలిలో సభ్యురాలయ్యారు, ఆ స్థానానికి వెళ్ళిన తొలి మహిళ ఆవిడే. అధ్యక్షుడు నిక్సన్ చిక్కుకున్న వాటర్‌గేట్ కుంభకోణం బయటపడుతున్న 1973లో ఆ పదవి వదిలేసి పిట్స్‌బర్గ్‌కే తిరిగొచ్చారు. 1979లో జనరల్ మోటార్స్‌కి వైస్ ప్రెసిడెంట్‌గా, చీఫ్ ఎకనమిస్ట్‌గా వెళ్ళారు. 1985 నుంచి ఆ కంపెనీలోనే ప్రజా వ్యవహారాల విభాగాలు చూశారు. 1992లో బయటికొచ్చి మిషిగన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌గా చేరారు. చదువు, సర్కారు, వ్యాపారం, మళ్ళీ చదువు. మీరు అడుగుతున్న మూడూ ఒకే మనిషి జీవితంలో ఇమిడాయి.

అయితే ఈ కథని ధైర్యానికి చదివితే చాలదు, వరసకోసం చదవాలి. వాషింగ్టన్‌కి మొదటిసారి వెళ్ళేనాటికి ఆవిడకి విశ్వవిద్యాలయంలో ఎనిమిదేళ్ల పని వెనక ఉంది. కంపెనీకి వెళ్ళేనాటికి ప్రభుత్వ అనుభవం చేతిలో ఉంది, కంపెనీ డబ్బు పెట్టింది దానికే. మీకు వర్తించేది ఇదే అనుకుంటాను. ఈ మూడు తలుపులూ ఒకే వేగంతో మూసుకోవు. విశ్వవిద్యాలయం తలుపు అన్నిటికన్నా తొందరగా మూసుకుంటుంది, ఎందుకంటే అక్కడ నిన్నటి పేపర్‌నే అడుగుతారు. ప్రభుత్వం తలుపు మనుషులు మారినప్పుడల్లా తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. కంపెనీ తలుపు చాలాకాలం తెరిచే ఉంటుంది, పైగా మీ అనుభవం పెరిగేకొద్దీ ధర పెరుగుతుంది.

గీతా గోపీనాథ్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. 2019 జనవరిలో హార్వర్డ్‌లో సెలవు పెట్టి అంతర్జాతీయ ద్రవ్యనిధికి చీఫ్ ఎకనమిస్ట్‌గా వెళ్ళారు. ఆ సెలవుని విశ్వవిద్యాలయం ఒక ఏడాది పొడిగించింది. 2022 మొదట్లో వెనక్కి వెళ్ళాల్సిన సమయానికి ద్రవ్యనిధిలోనే ఇంకా పెద్ద పదవి వచ్చి ఉండిపోయారు. 2025లో మళ్ళీ హార్వర్డ్‌లోనే ప్రొఫెసర్ అయ్యారు. అంతటివాళ్లకి కూడా సెలవు కాగితం మీద ఉంది, దానికో గడువుంది. 'మేం చూసుకుంటాం' అనే మాట మీద ఎవరూ వెళ్ళలేదు.

ఇక్కడే మీ గైడ్ మాటలో సగం నిజం ఉంది. విట్‌మన్‌గారూ గోపీనాథ్‌గారూ తమ స్థానం గట్టిపడ్డాక బయటికెళ్ళారు. మీ సమీక్ష ఇంకా ముందుంది. అలాగని శాశ్వత స్థానం దక్కకపోతే అంతా అయిపోయినట్టేనా అంటే, జానెట్ యెలెన్ ఉన్నారు. 1971 నుంచి హార్వర్డ్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేశారు, అక్కడ శాశ్వత స్థానం రాలేదు. 1977లో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్‌లో ఆర్థికవేత్తగా ఉద్యోగంలో చేరారు. అక్కణ్ణించి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్, 1980లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం. ఆ తర్వాత సలహాదారుల మండలికి, ఫెడరల్ రిజర్వ్‌కి, ట్రెజరీకి (అమెరికా ఆర్థిక శాఖ) మూడింటికీ అధిపతిగా చేసిన తొలి మనిషి అయ్యారు. ఇలాంటి పేర్లు చెబుతున్నప్పుడు నాకు కొంచెం జంకుగానే ఉంటుంది. వెళ్ళి తిరిగి రాలేకపోయినవాళ్ల పేర్లు మనకి తెలియవు. శాంపిల్ ఎలా ఎంచుకున్నారని మీరే నన్ను నిలదియ్యొచ్చు. అందుకే ఈ కథల్ని హామీగా తీసుకోకండి. దారి ఉందనడానికి సాక్ష్యం అంతే.

ఇప్పుడు మీ ముందున్నవి చూద్దాం.

పద్నాలుగు నెలలు ఉండి, సమీక్ష అయ్యాక వెళ్ళడం ఒక దారి. మంత్రిత్వ శాఖలో ఈ కుర్చీ పోవచ్చు. మిమ్మల్ని పిలిచిన కార్యదర్శి అప్పటికి వేరే శాఖకి మారిపోవచ్చు. కానీ పన్నుల మీద పని చేసిన మనిషి అవసరం ఏ ప్రభుత్వానికీ తీరేది కాదు, మీ పేరు ఒకసారి వాళ్ల జాబితాలోకి ఎక్కింది కూడా. ఇందులో అసలు ప్రమాదం వేరే ఉంది. కోపంతో ఉండిపోతే ఆ పద్నాలుగు నెలలూ కోపంలోనే గడిచి, ఒంటరి పేపర్ అలాగే సగంలో ఉంటుంది. ఉండటమంటే కమిటీలు తగ్గించుకుని, నోట్ రాయించుకుని, పేపర్ పంపించి ఉండటం. లేకపోతే ఉండీ ప్రయోజనం లేదు.

ఇప్పుడే మంత్రిత్వ శాఖకి వెళ్ళడం రెండో దారి. అక్కడ పని ఎలా ఉంటుందో కొంచెం చెప్తాను. సాయంత్రం ఆరింటికి ప్రశ్న వస్తుంది, పొద్దున్నే రెండు పేజీల నోట్ కావాలంటారు. మీకు సెమినార్‌లో గంటన్నర పట్టే విషయాన్ని మంత్రికి నాలుగు వాక్యాల్లో చెప్పాలి. మీరు రాసిన దాంట్లో పనికొచ్చే అంకె తీసుకుని, దాని పక్కనున్న 'అయితే' వదిలేస్తారు. మీ పేరు ఎక్కడా ఉండదు. 'సార్ పేపర్లు' అన్నందుకే ఇంత నొచ్చుకున్న మీరు, 'ప్రభుత్వం నోట్' అన్నప్పుడు ఎలా ఉంటారో ముందే ఆలోచించుకోండి. దానికి బదులుగా దొరికేదీ చిన్నది కాదు. బయటివాళ్లకు కనిపించని పన్ను డేటా చూస్తారు. ఒక నిబంధన ఎందుకు అంత వికారంగా తయారైందో, దాని వెనక ఏ ఇద్దరి రాజీ ఉందో తెలుస్తుంది. తర్వాత పదేళ్లకు సరిపడా పరిశోధన ప్రశ్నలు మీకు అక్కడ దొరుకుతాయి.

ఏ కుర్చీ అన్నది కూడా ముఖ్యమే. 1975లో అమెరికా కాంగ్రెస్ బడ్జెట్ ఆఫీసుకి ఆలిస్ రివ్లిన్ తొలి డైరెక్టర్ అయ్యారు. ఏ పార్టీకీ చెందకుండా చట్టసభకి లెక్కలు చెప్పడమే ఆ ఆఫీసు పని. అంకె ఎవరికి చేదుగా ఉన్నా చెప్పే కుర్చీ అది. మంత్రిత్వ శాఖలో సలహాదారు కుర్చీ అలాంటిది కాదు. అక్కడ మీరు చర్చ లోపల గట్టిగా వాదించొచ్చు, నిర్ణయం అయ్యాక బయట మౌనంగా ఉండాలి. అది మీకు సరిపడుతుందా? 1973లో విట్‌మన్‌గారు వదిలి రాగలిగారంటే వెనక్కి వెళ్ళడానికి ఒక విశ్వవిద్యాలయం ఉంది కాబట్టి కూడా.

అందుకని ఈ దారి పట్టేముందు విశ్వవిద్యాలయం నుంచి రాతపూర్వకంగా మూడు సంగతులు తెచ్చుకోండి: సెలవు ఎంతకాలం, ఆ కాలం సమీక్ష గడువులో లెక్కలోకి వస్తుందా రాదా, రాకపోతే మీ నుంచి ఆ రెండేళ్లలో పేపర్లు ఆశిస్తారా లేదా. మూడోది అడగడం అందరూ మర్చిపోతారు. అమెరికాలో పెద్ద ఆర్థికశాస్త్ర శాఖల మీద 2018లో ఒక అధ్యయనం వచ్చింది. పిల్లలు పుట్టినప్పుడు తల్లికీ తండ్రికీ సమానంగా సమీక్ష గడువు ఆపే నిబంధన తెచ్చాక, మగవాళ్లు శాశ్వత స్థానాలు పొందడం పెరిగింది, ఆడవాళ్లు పొందడం తగ్గింది. గడియారం ఆగింది గానీ ఆగిన కాలంలో ఎవరు ఏం చేయగలిగారన్నది ఎవరూ చూడలేదు. మీ విషయంలో కూడా 'గడువు ఆపుతాం' అన్న మాట ఒక్కటే చాలదు.

కంపెనీ మూడో దారి. సరస్వతిని అమ్ముకోవడం లాంటి మాటలు పక్కన పెట్టండి. జీతం తీసుకుని పాఠం చెప్పేవాళ్లు అనాల్సిన మాట కాదది. పదో పేజీలో ఇంటి అప్పు గురించి అర వాక్యం రాసి ఆపేశారు. ఆ అప్పు ఎంత బరువో నాకు తెలియదు, మీకు తెలుసు. అది నిద్ర పట్టనివ్వనంత బరువైతే నా లెక్కలన్నీ మారిపోతాయి, కంపెనీకి వెళ్ళడం నూటికి నూరుపాళ్లు సరైన నిర్ణయం అవుతుంది. అంత బరువు లేకపోతే మాత్రం ఇప్పుడు వెళ్తే తిరిగొచ్చే దారి అన్నిటికన్నా ఇరుకుగా ఉండేది ఇక్కడే. చీఫ్ ఎకనమిస్ట్ రోజు చాలావరకు అంచనాలు, ఖాతాదారులతో సమావేశాలు, టీవీ. మీరు బయట అనే ప్రతి మాటా ముందు సంస్థ నిబంధనల విభాగం దాటాలి. సంస్థ డేటాతో రాసిన పేపర్ అచ్చువేయడానికి సంస్థ అనుమతి కావాలి. ఖర్చులు తగ్గించుకోవాల్సిన ఏడాది వస్తే లాభం నేరుగా చూపించలేని బృందాల మీద ముందు చూపు పడుతుంది. మీ మీద కొంతమంది పరిశోధకులు ఉంటారా, సొంతంగా రాయనిస్తారా, బోర్డుకి నచ్చని అంచనా చెప్పిన మనిషి అక్కడ ఇదివరకు ఎవరైనా ఉన్నారా, ఉంటే ఇప్పుడెక్కడున్నారు అని అడగండి. చివరి ప్రశ్నకి వాళ్లెలా జవాబిస్తారో జాగ్రత్తగా వినండి.

మీరు రాయని నాలుగో దారి కూడా ఒకటుంది. అమెరికాలో నలభై ఏళ్లలోపు ఆర్థికవేత్తలకిచ్చే జాన్ బేట్స్ క్లార్క్ పతకాన్ని 2007లో అందుకున్న సూసన్ ఏథీ, దాన్ని పొందిన తొలి మహిళ. ఆవిడ ప్రొఫెసర్‌గా ఉంటూనే ఆరేళ్లు మైక్రోసాఫ్ట్‌కి సలహా చీఫ్ ఎకనమిస్ట్‌గా పని చేశారు. 2022లో అమెరికా న్యాయశాఖలో కంపెనీల గుత్తాధిపత్యాన్ని అడ్డుకునే యాంటీట్రస్ట్ విభాగానికి చీఫ్ ఎకనమిస్ట్‌గా వెళ్ళి, తర్వాత స్టాన్‌ఫర్డ్‌కి తిరిగొచ్చారు. అంత పేరు మనకి ఉండనక్కర్లేదు. నెలకి రెండు మూడు రోజులు సలహాదారుగా తీసుకోగలరా అని ఆ ఆర్థిక సంస్థని అడగడంలో పోయేదేమీ లేదు. విశ్వవిద్యాలయం నిబంధనలు ఒప్పుకుంటేనే సుమా. ఒప్పుకుంటే అప్పుకి కొంత ఊరట, తలుపు తెరిచే ఉంటుంది. ఒకటే షరతు: మీరు పన్నుల మీద రాసే పేపర్లలో ఆ సంబంధాన్ని తప్పకుండా ప్రకటించాలి. రేపు మంత్రిత్వ శాఖకి వెళ్ళినప్పుడు దాన్ని పూర్తిగా తెంచుకోవాలి కూడా.

మీవారి 'నీ ఇష్టం' గురించి. మంచి మాటే గానీ అందులో పని పంపకం లేదు. 2023లో నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ చాలాకాలంగా చెబుతున్న విషయం ఉంది: వేళాపాళా లేకుండా ఎప్పుడు పిలిస్తే అప్పుడు వచ్చేవాళ్లకి ఎక్కువ జీతమిచ్చే ఉద్యోగాలున్నప్పుడు, ఇంట్లో పిల్లలున్న దంపతుల్లో ఒకరు అలాంటి ఉద్యోగంలోకి, ఇంకొకరు ఇంటి పిలుపుకి అందేచోటికి జరిగిపోతారు. సాధారణంగా ఎవరు ఎటు జరుగుతారో మీకు చెప్పక్కర్లేదు. మంత్రిత్వ శాఖ, కంపెనీ రెండూ వేళాపాళా లేనివే. కాబట్టి ఆయన్ని ఇష్టాయిష్టాలు అడగకండి. బాబుకి జ్వరమొచ్చి స్కూలు నుంచి ఫోనొస్తే ఎవరు వెళ్తారు, నెలలో ఎన్ని వారాంతాలు ఎవరు ప్రయాణం చేస్తారు, ఆయన ఉద్యోగంలో ఏం తగ్గించుకుంటారు అని అడగండి. 'అమ్మ చూసుకుంటుంది' అనేది జవాబు అయితే, ముందు ఆ అమ్మగారిని అడగాలి.

నా మొగ్గు దాచుకోను. పైన చెప్పిన మూడూ కాగితం మీద వస్తే మంత్రిత్వ శాఖకి వెళ్ళడం మంచిదనిపిస్తోంది, ఆ ఒంటరి పేపర్ జర్నల్‌కి పంపించాకే. కాగితం రాకపోతే పద్నాలుగు నెలలు ఉండటం. కంపెనీ ఇప్పుడు కాదు, అప్పు సంగతి వేరుగా ఉంటే తప్ప. కానీ వారానికోసారి వచ్చి వెళ్ళే తల్లిగా ఉండలేననిపిస్తే, లేదా పేరు లేని పని మీకు ఊపిరాడనివ్వదనిపిస్తే, ఈ వరస తల్లకిందులవుతుంది. అది నాకన్నా మీకే బాగా తెలుస్తుంది.

ఓడిపోయి వెళ్ళినట్టా అన్నారు. సంతకం పెట్టమని అడిగి, ఒంటరి పేపర్ పంపి, షరతులు రాయించుకుని వెళ్ళినవాళ్లని ఎవరూ ఆ మాట అనలేరు. 1976 డిసెంబర్లో, అమెరికా అధ్యక్షుడిగా ఎన్నికైన జిమ్మీ కార్టర్ డ్యూక్ విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త హువానిటా క్రెప్స్‌ని వాణిజ్య కార్యదర్శిగా ప్రకటిస్తూ, అర్హత ఉన్న మహిళలు దొరకడం కష్టంగా ఉందన్నట్టు మాట్లాడారు. ఆవిడ ఆయన పక్కనే నిలబడి, ఇంకాస్త గట్టిగా వెతకాల్సింది అని మర్యాదగానే చెప్పారు. అడగాల్సినచోట మీరు కూడా ఆ గొంతుతోనే అడగొచ్చు.

ఈ వారం ముందు రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళి సెలవు నిబంధనలు తెచ్చుకోండి. తర్వాత శాఖాధిపతి. రెండు పిలుపులకీ ఇంకో పదిహేను రోజుల గడువు అడగండి, సాధారణంగా ఇస్తారు. ఇక మీ గైడ్‌కి ఏం చెప్పాలన్నారు. ఇప్పుడే ఏమీ చెప్పకండి. సెలవు ఉత్తర్వు చేతికొచ్చాక దాని కాపీ జతచేసి, సగంలో ఉన్న ఆ పేపర్ కూడా పంపి, చదివి తప్పులు చెప్పమనండి. మిమ్మల్ని రానివ్వరని భయపడుతున్న మనిషికి చేతిలో పెట్టడానికి ఒక పని ఉంటుంది, ఆయన చదివితే పేపర్ కూడా బాగుపడుతుంది.